నీటి మీద తీరిక

ఓడలో మొదటి రాత్రి గడిచి తెల్లవారింది. నేను కళ్లు తెరిచేసరికే అమ్మ తన పక్క సర్దేసింది. దుప్పటి నాలుగు కొసలూ సమంగా లాగి పరిచింది, దిండ్లు తట్టి గోడవారగా నిలబెట్టింది. తుడుచుకున్న తువ్వాలు కుర్చీ మీద ఆరేసింది. రాత్రి మేం టీ తాగిన కప్పులు రెండూ కడిగి బోర్లించింది. కాసేపటికి మా గది చూసే అబ్బాయి తలుపు తట్టి వచ్చాడు. ఫిలిప్పీన్స్ అబ్బాయి, ముప్పై ఏళ్లుంటాయేమో. పక్క చూశాడు, కప్పులు చూశాడు, అమ్మని చూశాడు. "ఇదంతా మీరే చేసేస్తే ఇక నాకేం మిగిలింది?" అని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు. అమ్మకి తెలుగులో చెప్పాను. "నేను పడుకున్న పక్క ఇంకొకళ్లు తియ్యడమేమిటే? నా ఒళ్లు బాగానే ఉందిగా, చెప్పు ఆ బాబుకి" అంది.

రెండేళ్ల కిందట జూన్ నెల మాట ఇది. అప్పటికి అమ్మకి 78 ఏళ్లు. సియాటిల్‌లో ఉంటున్న మా అమ్మాయి, అమ్మమ్మకి ఒక్కసారైనా మంచుకొండల్ని దగ్గరగా చూపించాలని పట్టుబట్టింది. మా ఇద్దరికీ వాంకూవర్ నుంచి అలాస్కాలోని సివార్డ్ దాకా ఏడు రాత్రుల ఓడ ప్రయాణం కుదిర్చింది. వేలమంది ఎక్కే ఓడ కాదు, ఆరువందల మందికి మించని చిన్న విలాస నౌక. టిక్కెట్టు ధర మాత్రం అమ్మకి మేమెవ్వరం చెప్పలేదు.

విలాసం అంటే పాలరాతి స్నానాలగదీ, వెండి చెంచాలూ అనుకుని ఓడ ఎక్కాను. అవన్నీ ఉన్నాయి. రెండో రోజుకల్లా కంటికి అలవాటైపోయాయి కూడా. చివరిదాకా కొత్తగా ఉన్నది ఒక్కటే, తీరిక. అది ఎలా దొరుకుతుందో, ఎవరిస్తే మనకి వస్తుందో, వచ్చాక దాన్ని ఏం చేసుకోవాలో అమ్మని చూస్తూ నేర్చుకున్నాను.

మొదట తెలుసుకున్నది, ఓడ మీది తీరికని ఒడ్డు మీద ఉండగానే కూడబెట్టుకోవాలని. అలాస్కా అమెరికాదే కాబట్టి అమెరికా వీసా ఉంటే చాలనుకుంటారు మనవాళ్లు. చాలదు. మా ఓడ బయల్దేరే వాంకూవర్ కెనడాది. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే ఓడలు కూడా దారిలో ఏదో ఒక కెనడా రేవులో, ఎక్కువగా విక్టోరియాలో, ఆగుతాయి. దీని వెనుక 1886 నాటి అమెరికా చట్టం ఒకటి ఉంది. పరాయి దేశపు జెండాతో తిరిగే ఓడ అమెరికా రేవుల మధ్యనే ప్రయాణికుల్ని తిప్పకూడదు, మధ్యలో పరదేశపు రేవు తగలాలి. విహార నౌకల్లో చాలా భాగం బహమాస్, పనామా, మాల్టా వంటి దేశాల జెండాలతోనే తిరుగుతాయి. అందుకని భారత పాస్‌పోర్టుతో వచ్చే అమ్మానాన్నలకి కెనడా వీసా కావాలి. తిరిగి అమెరికాలో అడుగుపెట్టాలి కాబట్టి అమెరికా వీసా పలుమార్లు వచ్చిపోవడానికి వీలున్నదై ఉండాలి. మా అమ్మాయికి తెలిసినవాళ్ల కుటుంబం ఒకటి సియాటిల్ రేవు దాకా పెట్టెలతో వెళ్లి, కెనడా వీసా లేక పెద్దవాళ్లిద్దరినీ ఎక్కించలేక వెనక్కి వచ్చింది. ఆ మాట విన్నాకే మేం కాగితాలు నాలుగు నెలల ముందు మొదలుపెట్టాం.

ఓడ బయల్దేరే రోజున ఆ ఊళ్లో విమానం దిగకూడదు, ముందురోజే చేరుకోవాలి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. మందులు, కళ్లజోడు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. రేవులో అప్పగించిన పెద్ద పెట్టె గదికి చేరేసరికి సాయంత్రమైపోతుంది. వైద్యబీమా లేకుండా పెద్దవాళ్లని ఓడ ఎక్కించవద్దు. ఓడలో డాక్టరు ఉంటాడు, చిన్న ఆసుపత్రీ ఉంటుంది. కానీ నడిసముద్రంలో గుండెనొప్పి వస్తే ఒడ్డు మీది పెద్ద ఆసుపత్రికి తరలించాల్సి రావచ్చు, ఆ ఖర్చు సామాన్యులు తట్టుకునేది కాకపోవచ్చు. బీమా తీసుకునేటప్పుడు అందులో ఈ తరలింపు ఖర్చు ఉందో లేదో ఆ ఒక్క వాక్యం వెతికి చదవాలి.

గది ఎంచుకోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ఓడ కదలికలు ముందుకొసనా, వెనుకకొసనా, పై అంతస్తుల్లోనూ ఎక్కువ తెలుస్తాయి. కడుపులో తిప్పే తత్వం ఉన్నవాళ్లు నడిమధ్యన, కింది అంతస్తులో గది అడగాలి. వాంకూవర్ నుంచి ఉత్తరానికి వెళ్లేటప్పుడు తీరం కుడివైపు ఉంటుంది, అందుకని మేం కుడివైపు బాల్కనీ ఉన్న గది తీసుకున్నాం. ఓడ ఎంత విశాలమో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. ప్రతి ఓడకీ గ్రాస్ టన్నేజీ అని ఒక అంకె ఉంటుంది. పేరులో టన్ను ఉన్నా అది బరువు కాదు, ఓడ లోపలి చోటుకి కొలత. దాన్ని ప్రయాణికుల సంఖ్యతో భాగించాలి. ముప్పై, నలభై వస్తే సందడి ఎక్కువ. యాభై, అరవై దాటితే ఎక్కడా వరసలో నిలబడే పని ఉండదు. ధరలు పోల్చేటప్పుడు టిప్పులు, నీళ్లు, కాఫీ, వైఫై, ఒడ్డు మీద తిప్పి చూపించడం ఇవన్నీ టిక్కెట్టులో ఉన్నాయా, వేరేగా కట్టాలా అని ఒక కాగితం మీద రాసుకుని, మనిషికి రోజుకి ఎంత పడుతుందో చూసుకోవాలి. పైకి ఖరీదుగా కనిపించేది అన్నీ కలుపుకుంటే అంత తేడా లేకపోవచ్చు.

తిండి సంగతి అన్నిటికన్నా ముందు చెప్పుకోవాలి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. శాకాహారం అని ఒక్క మాట రాసి ఊరుకుంటే కేకులో గుడ్డు వస్తుంది, సూపులో చేపరసం వస్తుంది. అందుకని ఏది తింటుందో, ఏది తినదో వివరంగా రాసి రెండు నెలల ముందే పంపాం. ఎక్కిన రాత్రే పెద్ద వంటమనిషి మా బల్ల దగ్గరికి వచ్చి అమ్మని స్వయంగా అడిగి తెలుసుకున్నాడు. మర్నాటి నుంచీ రోజూ ఒక పప్పు, ఒక కూర, అన్నం, పెరుగు. అమ్మ తనతో కందిపొడి తెచ్చుకుంది, కానీ ఇంట్లో కొట్టింది కాదు, దుకాణంలో సీలు వేసి అమ్మే ప్యాకెట్టు. ఇంటి పచ్చళ్లు, వండిన పదార్థాలు సరిహద్దుల దగ్గరా ఓడ దగ్గరా ఇబ్బంది పెడతాయి. ఇంకొకటి, ఓడలో నిప్పు నిషేధం. అగరొత్తి, దీపం, కొవ్వొత్తి ఏదీ వెలిగించకూడదు. పైగా జూన్‌లో అక్కడ రాత్రి పది దాటాక గానీ పొద్దు గుంకదు. సంజెదీపం ఎప్పుడు పెట్టాలో, ఎలా పెట్టాలో అమ్మకి పాలుపోలేదు. మొదటి రెండు రోజులూ బెంగపడింది. మూడోనాడు రాత్రి పది గంటలకి కొండల మీద ఇంకా ఎర్రగా ఉన్న ఆకాశాన్ని చూపించి, "ఆయనే వెలిగించి ఉంచాడు కదే" అని దణ్ణం పెట్టుకుంది.

ఓడ బయల్దేరే ముందు ప్రయాణికులందరూ ప్రమాద హెచ్చరిక కసరత్తులో పాల్గొనాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఎవరి చోటికి వాళ్లు చేరాలి. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో సముద్రయాన రక్షణకి పలు దేశాలు కలిసి ఒప్పందం రాసుకున్నాయి. ఈ కసరత్తుకి మూలం అదే. కొందరు ఫోను చూసుకుంటూ నిలబడ్డారు. అమ్మ మాత్రం మా గది నుంచి ఆ చోటికి ఎన్ని మెట్లో రెండుసార్లు లెక్కపెట్టుకుంది. వరదలు చూసిన మనిషి.

అమ్మ పుట్టి పెరిగింది, కాపురానికి వచ్చింది కోనసీమలోనే. మా ఊరు గౌతమి పాయ ఒడ్డున ఒక లంక. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు దాటడమే మా చిన్నప్పటి ఓడ ప్రయాణం. ఆ పంటు మీద కూడా అమ్మ ఎప్పుడూ నీళ్ల వంక చూసింది లేదు. ఒక చేత్తో తమ్ముణ్ణి, ఒక చేత్తో నన్ను పట్టుకుని, కాళ్ల సందున సంచులు పెట్టుకుని, అవతలి ఒడ్డు ఎప్పుడొస్తుందా అని చూసేది. నీటి మీద కూర్చుని నీటిని చూడడం తనకి 78వ ఏట దొరికింది.

దొరికినా, వెంటనే చేతకాలేదు. మొదటి మూడు రోజులూ ప్రతి ఉదయం ఆ అబ్బాయి కన్నా ముందే లేచి పక్క సర్దేసేది. భోజనాల బల్ల దగ్గర ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చేసేది. వడ్డించేవాళ్లు వచ్చి తీసుకునేదాకా ఊరికే కూర్చోవడం తనకి నేరంలా అనిపించేది. ఆ అబ్బాయి ఎప్పుడూ వద్దనలేదు. కానీ గమనించాడు. అమ్మ రాత్రిపూట గోరువెచ్చటి నీళ్లు తాగుతుందని రెండోనాటికే కనిపెట్టి, ఫ్లాస్కుతో తెచ్చి తలగడ పక్కన పెట్టాడు. స్నానాలగదిలో గడప ఎత్తుగా ఉండి కాలు తడబడుతోందని చూసి, జారని పట్టా తెచ్చి పరిచాడు. అమ్మని 'లోలా' అని పిలిచేవాడు. వాళ్ల భాషలో అమ్మమ్మ అనో నాన్నమ్మ అనో అర్థం. ఎవరూ అడగకుండా ఒక మనిషి మన అవసరాన్ని కనిపెట్టి ఉండడాన్ని మన తెలుగులో పట్టించుకోవడం అంటాం. ఓడ కంపెనీలు విలాసమని అమ్ముతున్నది నిజానికి దీన్నే. అది అలవాటు లేనివాళ్లకి మొదట బరువుగానే ఉంటుంది.

మధ్యలో వచ్చిన స్కాగ్వే అనే చిన్న ఊరు నన్ను బాగా ఆలోచింపజేసింది. 1896లో కెనడాలోని క్లోండైక్ ప్రాంతంలో బంగారం బయటపడింది. మరుసటి ఏడాది జులైలో పోర్ట్‌లాండ్ అనే స్టీమరు ఆ బంగారంతో సియాటిల్ రేవుకి రాగానే, వేలమంది ఉన్న పనులు విడిచిపెట్టి ఉత్తరానికి ఓడలెక్కారు. స్కాగ్వేలో దిగి కొండలెక్కారు. ఆకలికి చనిపోకుండా ఒక్కొక్కరూ ఏడాదికి సరిపడా తిండి తెచ్చుకోవాలని కెనడా పోలీసులు నిబంధన పెట్టారు. సరంజామాతో కలిపి అది దాదాపు ఒక టన్ను అయ్యేది. ఆ బరువుని ముక్కలు ముక్కలుగా, అదే దారిలో పదేపదే ఎక్కుతూ దిగుతూ మోశారు. వైట్ పాస్ దారిలో సుమారు మూడువేల గుర్రాలు చచ్చిపోయాయి. తీరా చేరేసరికి మంచి నేలలన్నీ ముందు వచ్చినవాళ్లు పట్టేసుకున్నారు. 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన మూడడుగుల సన్నపట్టాల రైలు ఆ కొండమీదకే వెళ్తుంది. మేం ఆ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, టీ తాగుతూ ఆ లోయ చూశాం. కిందన పాత కాలిబాట గీతలా కనిపిస్తోంది. "ఈ దారిన పోయినవాళ్లు ఈ చెట్లు చూసుంటారంటావా?" అని అడిగింది అమ్మ. నాకు పంటు మీద అవతలి ఒడ్డుకేసి చూస్తున్న తన ముఖం గుర్తొచ్చింది.

ఇలాంటి ఊళ్లలో దిగేవాళ్లు ఒక్క సంగతి మరవకూడదు. అలాస్కా గడియారం వాంకూవర్ కన్నా ఒక గంట వెనక. ఫోను ఒక సమయం చూపించవచ్చు, ఓడ ఇంకో సమయం పాటించవచ్చు. ఓడ గడియారాన్నే నమ్మాలి, మళ్లీ ఎక్కాల్సిన సమయాన్ని కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి. ఓడవాళ్లు ఏర్పాటు చేసిన యాత్రలో ఆలస్యమైతే మనకోసం చూస్తారు. సొంతంగా తిరగడానికి వెళ్లి ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది. పెద్దవాళ్లు తోడున్నప్పుడు ఎక్కువ డబ్బైనా ఓడవాళ్ల యాత్రే మంచిది. తిరిగి ఎక్కగానే, భోజనానికి ముందు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఓడల్లో వాంతులు, విరేచనాలు వ్యాపింపజేసే నోరోవైరస్‌కి సీసాలోని జెల్ కన్నా సబ్బూ నీళ్లే మేలు.

స్కాగ్వే దాటిన రాత్రి ఓడ దీవుల మధ్య నుంచి అలాస్కా సింధుశాఖలోకి వచ్చింది. అప్పటిదాకా చెరువులా ఉన్న నీరు అక్కడ లేచింది. కన్ను గది కదలడం లేదంటుంది, చెవిలోపలి తూకం కదులుతోందంటుంది. ఆ రెండింటి తగువే కడుపులో తిప్పడం. మందుబిళ్ల వేసుకునేవాళ్లు తిప్పడం మొదలవకముందే వేసుకోవాలి, పెద్దవాళ్లు మాత్రం డాక్టరుని అడిగి వేసుకోవాలి, మగతగా ఉండి తూలే ప్రమాదం ఉంది. ఖాళీ కడుపుతో ఉండకూడదు. బయటికొచ్చి దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీతని చూస్తూ కూర్చుంటే కన్ను, చెవి రాజీపడతాయి. అమ్మ దవడన చిన్న శొంఠికొమ్ము పెట్టుకుని, "నావలో ఏరు దాటినట్టుంది" అని నిద్రపోయింది. నేను తెల్లవారుజాము దాకా బాల్కనీలో కూర్చున్నాను.

ఉదయం యాకుటాట్ అఖాతంలోకి వచ్చాం. దాని కొసన ఇంకొక చిన్న అఖాతం, పేరు డిసెంచాంట్‌మెంట్ బే. తెలుగులో చెప్పాలంటే ఆశాభంగపు అఖాతం. 1791లో స్పెయిన్ నావికుడు మలాస్పినా అట్లాంటిక్ వైపు దారితీసే జలమార్గం ఇక్కడ దొరుకుతుందని వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనకి ఎదురైంది మంచుగోడ. దారి లేదని తెలిసి ఆ చోటుకి ఆ పేరు పెట్టాడు. ఆ మంచుగోడని చూడడానికే ఇప్పుడు మనం ఇంత ఖర్చుపెట్టి వస్తున్నాం. దాటిపోవాలనుకున్నవాడికి అది అడ్డం. ఆగి చూడగలిగే తీరిక ఉన్నవాళ్లకి అదే గమ్యం.

ఓడ నడక మందగించింది. నీటి నిండా మంచుముక్కలు. కొన్ని పళ్లెమంత, కొన్ని పూరిల్లంత. ఓడ పక్కకి తగిలి పలకల మీద గాజులు దొర్లినట్టు చప్పుడు. దూరంగా పెద్ద మంచుపలకల మీద సీల్‌లు పడుకుని తల ఎత్తి చూస్తున్నాయి. చెవి పెడితే ఇంకొక చప్పుడు కూడా ఉంది, నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు. శతాబ్దాల కిందట మంచులో చిక్కుకున్న గాలిబుడగలు కరుగుతున్నప్పుడు పగిలే శబ్దం అది. అమ్మ వెంటనే "పోపు" అంది.

ఎదురుగా హబ్బర్డ్ హిమానీనదం. కెనడాలోని లోగన్ పర్వతం దగ్గర పుట్టి 76 మైళ్లు పాకి వచ్చి సముద్రంలో ముగుస్తుంది. నీటి దగ్గర దాని వెడల్పు ఆరు మైళ్లు పైనే, ఎత్తు మూడువందల అడుగులకి మించి. మొదట్నుంచి చివరకి మంచు ప్రయాణించడానికి నాలుగువందల ఏళ్లకి పైగా పడుతుందట. అంటే ఇప్పుడు మా కళ్ల ముందు ఉన్న మంచు, 1591లో హైదరాబాదులో చార్మినార్ లేచిన కాలానికి కాస్త అటూ ఇటూగా కురిసినది. కెప్టెన్ ఓడని ఆపి, ఇంజన్ల చప్పుడు వీలైనంత తగ్గించాడు. డెక్కు మీద మూడు నాలుగువందల మంది ఉన్నాం, మాట లేదు. అందరం మంచుగోడ వంక చూస్తున్నాం. పదిహేను నిమిషాలు ఏమీ జరగలేదు. ఇరవై నిమిషాలు. ఆ తర్వాత గోడలో ఒకచోట నీలంగా ఒక చార కదిలింది. మేడంత పలక, శబ్దం లేకుండా, నిదానంగా, కూర్చున్నట్టే జారింది. నీళ్లు లేచాయి. అప్పుడు వినబడింది ఉరుము. శబ్దం మైలు దూరం రావడానికి ఐదు సెకన్లు పడుతుంది. చూసింది ముందు, విన్నది తర్వాత. అక్కడి మూలవాసులైన క్లింకిట్ జనం ఆ శబ్దాన్ని తెల్ల ఉరుము అంటారు.

ఓడలోని ప్రకృతి శాస్త్రవేత్త మైకులో ఒక సంగతి చెప్పాడు. 1986 మే నెలాఖరున ఈ హిమానీనదం ముందుకి జరిగి, పక్కనున్న రస్సెల్ ఫియోర్డ్ నోటిని మూసేసింది. సముద్రపు పాయ చెరువైపోయింది. వానలకీ, కరిగిన మంచుకీ ఆ నీరు ఎనభై అడుగులకి పైగా పెరిగింది. అక్టోబరు 8న ఆ మంచుకట్ట తెగి నీరంతా సముద్రంలోకి దూకింది. నేను తెలుగులో చెప్పగానే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఎనభై ఆరా? మన వరద ఏడే కదే."

అవును, అదే ఏడు. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. అది తెలుసుకునేలోగానే మా లంకలు మునిగాయి. మాకు కాస్త మెరక మీద ఇల్లు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లందరూ మా ఇంటి మేడమీదికీ వసారాలోకీ వచ్చేశారు. ఆ ఆగస్టులో, ఇక్కడ ఈ మంచుకట్ట వెనుక నీరు పెరుగుతున్న రోజుల్లోనే, అక్కడ మా అమ్మ తడికట్టెలతో పొయ్యి ఊదుతోంది. "పదిరోజులు. గంజి, చారు, అన్నం. ఎంతమందికి పెట్టానో నాకే తెలీదు. కూచుని తిన్నట్టు గుర్తులేదు" అంది, మంచుగోడ మీది నుంచి చూపు తిప్పకుండా. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. నేను కూర్చునే తిన్నాను. అమ్మ తిందో లేదో అడిగిన జ్ఞాపకం నాకు లేదు.

అప్పుడే మా గది అబ్బాయి పై డెక్కుకి వచ్చాడు. అతని పని కింద అంతస్తులో. అయినా చలికి అమ్మ ఉన్ని శాలువా సరిపోదని తెలిసి దుప్పటీ, వేడి టీ తెచ్చాడు. దుప్పటి ఆమె భుజాల చుట్టూ కప్పి, చేతిలో కప్పు పెట్టాడు. ఈసారి అమ్మ లేవలేదు. కప్పు రెండు చేతులతో పట్టుకుని, అతని ముఖంలోకి చూసి, "కూచో బాబూ" అంది తెలుగులోనే. అతనికి కూర్చునే వీల్లేదు. నవ్వి, ఒక నిమిషం పక్కన నిలబడి తనూ మంచు చూశాడు. ఈ దారిన ఎన్నోసార్లు వచ్చినా పగటిపూట డెక్కు మీద నిలబడి చూడడం తక్కువేనని చెప్పాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఓడలో మన తీరిక మన డబ్బుతో మాత్రమే తయారవదు, ఇంకొకరి పనితో తయారవుతుంది. వాళ్లు నెలల తరబడి ఒప్పందాల మీద, ఇళ్లకి దూరంగా, వారానికి ఏడు రోజులూ పనిచేస్తారు. 2006 నాటి అంతర్జాతీయ నావికుల ఒప్పందం ప్రకారం కూడా పని రోజుకి 14 గంటలు, వారానికి 72 గంటలు మించకూడదు. ఆ గరిష్ఠ పరిమితే చూస్తే ఆ జీవితం ఎలాంటిదో తెలుస్తుంది. ఆ అబ్బాయికి నాలుగేళ్ల కూతురుందని, పుట్టాక ఆ పాపతో ఎనిమిది నెలలే గడిపాడని అమ్మే తెలుసుకుంది. ఇంగ్లీషు రాని అమ్మ, తెలుగు రాని అబ్బాయి, ఒక ఫోటో, వేళ్ల లెక్క, అంతే. అందుకే ఓడ ఎక్కబోయేవాళ్లకి నేను చెప్పేది ఇది. మీ గది చూసేవాళ్ల పేరు మొదటి రోజే నేర్చుకోండి. టిప్పు టిక్కెట్టులో ఉన్నా, దిగేముందు వాళ్లు ఏం బాగా చేశారో పేరు రాసి కంపెనీకి కాగితం ఇవ్వండి. పై ఉద్యోగం వచ్చేటప్పుడు ఆ కాగితానికి విలువ ఉంటుంది.

రేవుల్లోని ఊళ్లకి కూడా మనం అతిథులమే. జూనో అలాస్కా రాజధాని, జనాభా ముప్పై వేల పైచిలుకు. బయటి ప్రపంచం నుంచి అక్కడికి రోడ్డు లేదు, ఓడలో వెళ్లాలి, లేదా విమానంలో. వేసవిలో ఓడలు దింపే జనం ఊరిని ముంచెత్తుతుంటే, పెద్ద ఓడలు రోజుకి ఐదుకి మించకూడదని 2024 నుంచి ఊరికీ కంపెనీలకీ మధ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఆ వీధుల్లో ఆరువందలమందితో దిగినప్పుడు కూడా నేను పక్కకి తప్పుకుని నడిచాను. ఊరివాళ్లు ఆఫీసులకీ, పిల్లలు బడికీ వెళ్లే దారి అది. మన ఇంటికి చుట్టాలొస్తే చెప్పులు ఎక్కడ విడిచారో చూస్తాం కదా.

చివరి రాత్రి పెట్టెలు తలుపు బయట పెట్టాలి. పొద్దున వేసుకునే బట్టలు, మందులు, పాస్‌పోర్టులు ముందుగా తీసి ఉంచుకోవాలి. మర్చిపోయి అన్నీ సర్దేసి రాత్రి దుస్తుల్లో దిగాల్సిన పరిస్థితి తెచ్చుకునేవాళ్లు ప్రతి ప్రయాణంలోనూ ఉంటారట. అమ్మ అన్నీ సర్దించి, సీలు వేసిన కందిపొడి ప్యాకెట్టు ఒకటి మిగిలితే, దాన్ని బల్లమీద ఆ అబ్బాయి కోసం పెట్టింది.

సివార్డ్‌లో తెల్లవారింది. నేను లేచేసరికి అమ్మ బాల్కనీలో కూర్చుని ఉంది. తన పక్క ఎలా లేచిందో అలాగే ఉంది. దుప్పటి ఒక మూల నేలమీదికి జారి ఉంది, దిండు మీద తల ఆనిన గుంట ఉంది. అబ్బాయి వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. దుప్పటి అందుకుని, చాలా శ్రద్ధగా నాలుగు కొసలూ లాగి పరిచాడు, అచ్చం మొదటి రోజు అమ్మ పరిచినట్టే.

ఇప్పుడు అమ్మ నా దగ్గర రాజమండ్రిలో ఉంటోంది. పొద్దున్నే తనకన్నా ముందు లేవడం నేను అలవాటు చేసుకున్నాను. కాఫీ కలిపి వసారాలోకి తీసుకెళ్లి గ్లాసు చేతికిస్తాను. తాగినంతసేపూ అక్కడే కూర్చుంటుంది. వాకిట్లో ముగ్గు మీద పిచ్చుకలు వాలడం చూస్తుంది. ఈలోగా నేను లోపలికి వెళ్లి తన పక్క తీస్తాను. "నేను తీసుకుంటాగా" అని ఇప్పుడు అనడం లేదు.